వెంట్రుకలో వెయ్యో వంతు

ఒకే కొలత ఉన్న గుండ్రటి, మందపాటి గాజు బిళ్ళలు రెండు తీసుకుని, ఒకదాన్ని బల్ల మీద కదలకుండా బిగించి, దాని మీద గరుకు పొడి చల్లి, నాలుగు చుక్కలు నీళ్ళు చిలకరించి, రెండోదాన్ని పైన పెట్టి ముందుకీ వెనక్కీ రుద్దుతూ పోతే కాసేపటికి పైబిళ్ళ గుంట పడడం మొదలవుతుంది, కిందిబిళ్ళ ఉబ్బడం మొదలవుతుంది. అచ్చు లేదు, మెషీన్ లేదు. పైబిళ్ళ ముందుకు జరిగినప్పుడల్లా దాని బరువు కిందిదాని అంచు మీద పడుతుంది. అందుకే కిందిదానికి అంచులు, పైదానికి నడిమి భాగం ఎక్కువగా అరుగుతాయి. అరిగి అరిగి రెండూ ఎక్కడికి చేరతాయన్నది ఇంకా ఆశ్చర్యం. ఏ దిక్కుకు జరిపినా, ఎంత తిప్పినా రెండు తలాలు సందు లేకుండా ఆనుకునే ఉండాలంటే ఆ వంపు గోళంలో ముక్కే అయితీరాలి. మరే వంపుకీ ఆ వీలు లేదు. అంటే మనం ఓపికగా రుద్దుతుంటే గోళం దానంతటదే వచ్చి తీరుతుంది.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరైనదాన్ని. ఉండేది నల్లగొండలో. పుటాకార దర్పణం, నాభి, వక్రతా కేంద్రం అంటూ సుద్దముక్కతో ఏళ్ళ తరబడి గీసిన బొమ్మే. ఆ దర్పణాన్ని ఇంట్లో చేత్తో చేయవచ్చని, దానితో శనిగ్రహం వలయాలు చూడవచ్చని తెలిశాక ఆ పనే నాకు వ్యాపకమైపోయింది. ఇప్పుడు సాయంత్రాలు మా వెనక వరండాలో నా పాత విద్యార్థులు కొందరు, వాళ్ళ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ చేరి అద్దాలు రుద్దుతుంటారు. ఇంట్లో చేత్తో చేసుకునే పనుల్లో ఉన్న సృజన ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ అద్దం గురించే చెబుతాను. నాకు బాగా తెలిసింది ఇదే.

రుద్దడానికి నీళ్ళు నింపిన పాత డ్రమ్ము కావాలి. బరువుగా ఉంటుంది, కదలదు. దాని మీద చెక్క, చెక్క మీద బిళ్ళ. నాలుగైదు సార్లు రుద్దగానే ఒక అడుగు పక్కకు జరగాలి. చేతిలో ఉన్న బిళ్ళని కొంచెం తిప్పి పట్టుకోవాలి. మళ్ళీ రుద్దాలి, మళ్ళీ జరగాలి. అలా డ్రమ్ము చుట్టూ ప్రదక్షిణ సాగుతూనే ఉంటుంది. ఎవరి చెయ్యీ రెండుసార్లు ఒకే తీరున కదలదు. ఒకసారి కుడివైపు ఒత్తిడి ఎక్కువవుతుంది, ఒకసారి మాటల్లో పడి రుద్దు పొడుగవుతుంది. వేల రుద్దుల్లో ఆ తేడాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మెషీన్ ఒకే దారిలో పోతే ఆ దారిలోనే గాడి పడుతుంది. అందుకే అద్దాలు సానబట్టే మెషీన్లలో కూడా ఆ దారి పనిగట్టుకుని మారుతూ ఉండే ఏర్పాటు పెడతారు. చేతికి ఆ ఏర్పాటు పుట్టుకతోనే ఉంది. నిలకడలేని చేతులని తమను తాము తిట్టుకునే పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి.

పొడి పేరు కార్బొరండం. 80 నంబరుతో మొదలుపెడతాం, అంటే అంగుళానికి 80 కన్నాలున్న జల్లెడలోంచి దిగే పొడి. తర్వాత 120, 220, 320, 600, ఇలా సన్నబడుతూ పోవాలి. ఒక్కో నంబరు పని ముందు నంబరు చేసిన గుంటలను చెరిపేయడమే. ఈ నంబర్లు టెలిస్కోపు పుస్తకాల సొత్తేమీ కాదు. మా వీధిలో కొత్త ఇంటికి బండలు పాలిష్ పట్టడానికి వచ్చిన మేస్త్రి మా పని చూసి లోపలికి వచ్చాడు. ఆయన రాళ్ళకూ అవే నంబర్లు. డ్రమ్ము పక్కన పొడి డబ్బాలన్నీ మూతలు తీసి వరసగా ఉండడం ఆయనకు నచ్చలేదు.

"నంబరు మార్చినప్పుడల్ల అన్నీ కడుక్కోవాలె టీచరమ్మా. చేతులు, బట్టలు, కింద పరిచిన పేపరు సుత. పాత నంబరు రవ్వ ఒక్కటి మిగిలినా చేసిన పనంత గీతలైతది."

తర్వాత బొటనవేలు గాజు మీద మెల్లగా జారించి, "నడుమల మంచిగనే ఉంది. అంచుకాడ ఇంక గరుకు పోలే, చూడుండ్రి" అన్నాడు. భూతద్దం పెట్టి చూస్తే నిజంగానే అంచు పొడుగునా పెద్ద గుంటలు కనిపించాయి. ఏ పుస్తకమూ చదవకుండా, మోకాళ్ళ మీద కూర్చుని ఏళ్ళ తరబడి బండలు రుద్దిన వేలు అది. అప్పట్నించీ మా పిల్లలు భూతద్దం తీసేముందు వేలితో చూసి పందెం వేసుకుంటున్నారు.

గుంట ఎంత లోతు పడాలన్నది లెక్క ప్రకారం తేల్చుకోవాలి. మేం సాధారణంగా చేసేది ఆరంగుళాల అద్దం. దాని నాభ్యంతరం 48 అంగుళాలు ఉండాలంటే మధ్యలో లోతు దాదాపు 1.2 మిల్లీమీటర్లు చాలు. అంత చిన్న లోతును కొలవడానికి 1.2 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టు తెచ్చుకున్నాం. గాజు మీద స్టీలు స్కేలు అడ్డంగా నిలబెట్టి, మధ్యలో సందులోంచి బిట్టు కాడ దూరిస్తే సరిగ్గా పట్టాలి. వదులుగా ఉంటే లోతు ఎక్కువైందన్నమాట, అప్పుడు బిళ్ళల్ని తారుమారు చేసి రుద్దితే లోతు తగ్గుతుంది. ఇంకో ఉపాయం కూడా ఉంది. గరుకుగా ఉన్న గాజు మీద నీళ్ళు పోస్తే కాసేపు మెరుస్తుంది. ఆ తడి ఆరేలోపు ఎండను గోడ మీదికి కొట్టి, వెలుగు మచ్చ అన్నిటికన్నా చిన్నదయ్యేదాకా ముందుకీ వెనక్కీ జరగాలి. అప్పుడు గోడకీ గాజుకీ మధ్య దూరమే నాభ్యంతరం. ఒకరు అద్దం పట్టుకుంటే ఒకరు టేపు పట్టుకుంటారు.

ఈ పనికి పెద్ద వంశవృక్షమే ఉంది. ఇంగ్లండులోని బాత్ పట్టణంలో విలియం హెర్షెల్ చర్చిలో ఆర్గాన్ వాయిస్తూ, సంగీత పాఠాలు చెప్పుకుని బతికేవాడు. 1773లో ఆయనకు ఆకాశం పిచ్చి పట్టింది. అప్పట్లో అద్దాలు గాజువి కాదు, రాగి తగరం కలిపి పోతపోసిన లోహానివి. మూసలకు గుర్రపు పేడ దంచి జల్లించి వాడేవారు. ఆ దంచడం చాలావరకు చెల్లెలు కరొలైన్ వంతు. అద్దం పాలిష్ చివరి దశలో చెయ్యి తీస్తే పాడవుతుందని ఆయన ఒకసారి పదహారు గంటలు చెయ్యి తీయకుండా రుద్దితే, ఆమె ముద్దలు చేసి అన్న నోట్లో పెట్టింది. పని సాగుతుంటే పక్కన కూర్చుని అరేబియన్ నైట్స్ కథలు చదివి వినిపించేది. అలా ఇంట్లో చేసిన ఆరంగుళాల పైచిలుకు అద్దంతోనే 1781 మార్చి 13 రాత్రి ఆయన యురేనస్ గ్రహాన్ని కనుక్కున్నాడు. మరుసటి ఏడు ఆ టెలిస్కోపును గ్రీనిచ్ అబ్జర్వేటరీకి తీసుకెళ్ళి అక్కడి రాజవారి టెలిస్కోపులతో పోల్చి చూస్తే సంగీతం మాస్టారిదే మెరుగని తేలింది. ముద్దలు తినిపించిన కరొలైన్ తర్వాత తన పేరు మీదే తోకచుక్కలు కనిపెట్టింది. హెర్షెల్ కథ చెప్పేవాళ్ళు ఆమెను తలుపు పక్కన నిలబెట్టి ఊరుకుంటారు. నాకది నచ్చదు.

పొడులన్నీ అయ్యాక గాజు మసక పాలరంగులో ఉంటుంది. అప్పుడు పాలిష్. దీనికి పిచ్ అనే నల్లటి బంక కావాలి. దాన్ని కరిగించి కిందిబిళ్ళ మీద పోసి, పైబిళ్ళతో అద్ది, చల్లారేలోపు చాకుతో గళ్ళు గళ్ళుగా కోస్తాం. ఆ గళ్ళ మీద సీరియం ఆక్సైడ్ కలిపిన నీళ్ళు పోసి రుద్దాలి. పిచ్ చూడ్డానికి రాయిలా గట్టిగా ఉంటుంది, కానీ ఒత్తిడి పెట్టి వదిలేస్తే నిదానంగా పారుతుంది. ఆ గుణమే మనకు కావాలి. అద్దం ఆకారానికి అది ఎప్పటికప్పుడు ఒదిగిపోతూ ఉంటుంది. మరీ గట్టిగా ఉంటే గాజు గీతలు పడుతుంది, మరీ మెత్తగా ఉంటే ఆకారం నిలవదు. పుస్తకాల్లో రాసిన పాళ్ళన్నీ చలిదేశాల పాళ్ళు. మే నెల నల్లగొండ వాటికి తెలియదు. 44 డిగ్రీల ఎండలో ఆ పిచ్ గళ్ళు మధ్యాహ్నానికల్లా పూడుకుపోతాయి. కాబట్టి మనమే పాకం పట్టుకోవాలి. అరిసెల పాకాన్ని చల్లటి నీళ్ళలో వేసి చూసినట్టే, కాగుతున్న పిచ్‌ను ఒక చుక్క నీళ్ళలో వేసి, పైకి తీసి గోరుతో నొక్కి చూస్తాం. గోరు కష్టపడి చిన్న గుర్తు చేస్తే ఎండాకాలానికి సరి. తేలిగ్గా దిగిపోతే ఇంకా కాయాలి. మెత్తబడాలంటే ఒక చుక్క టర్పెంటైన్. పాకం చూడడంలో మా ఆడపడుచును మించినవాళ్ళు లేరు. ఆమె చదివింది ఐదో తరగతి. పిచ్ పోసే రోజు ఆమె లేకుండా మేం పొయ్యి వెలిగించం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అద్దం తళతళలాడుతోంది. బాగుందా లేదా? కంటితో చెప్పలేం, వేలితో చెప్పలేం, స్కేలుతో అసలే చెప్పలేం. ఎందుకంటే మంచి టెలిస్కోపు అద్దం మీద ఎత్తుపల్లాలు కాంతి తరంగంలో ఎనిమిదో వంతు దాటకూడదు. దాదాపు 70 నానోమీటర్లు. తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు. ఆ మాత్రం తేడాను పెంకుటింటి వరండాలో పసిగట్టడమెలా?

దానికి దారి చూపినవాడు లియాన్ ఫూకో. భూమి తన చుట్టూ తాను తిరుగుతోందని పారిస్‌లో పెద్ద లోలకం వేలాడదీసి చూపించినవాడే. 1850ల చివర్లో ఆయన చెప్పిన పరీక్షకు ఒక చిన్న బల్బు, కన్నం పెట్టిన అల్యూమినియం రేకు, షేవింగ్ బ్లేడు చాలు. అద్దాన్ని గోడవారగా నిలబెట్టి, ఎనిమిదడుగుల దూరంలో, సరిగ్గా వక్రతా కేంద్రం దగ్గర, రేకు కన్నంలోంచి వెలుగు పంపాలి. అద్దం ఆ వెలుగును అదే చోటుకు తిప్పి పంపుతుంది. వెలుగు వచ్చి ఒక్క బిందువులో కూడే చోట బ్లేడు అంచును అడ్డంగా మెల్లగా జరపాలి. వెనక కన్ను పెట్టి అద్దాన్ని చూస్తూ ఉండాలి. వంపు నిఖార్సైన గోళమైతే వెలుగంతా ఒక్క బిందువుకే వస్తుంది కాబట్టి అద్దం మొత్తం ఒక్కసారిగా బూడిదరంగుకు తిరుగుతుంది. ఎక్కడైనా ఎత్తో పల్లమో ఉంటే అక్కడి వెలుగు కొంచెం ముందో వెనకో కూడుతుంది. బ్లేడు దాన్ని ముందే కోసేస్తుంది, లేదా వదిలేస్తుంది. అప్పుడు అద్దం మీద నీడలు లేస్తాయి. పక్కనుంచి వెలుగు పడ్డ నేల మీద గట్లు, గుంటలు కనిపించినంత స్పష్టంగా కనిపిస్తాయి.

కొత్తగా వచ్చిన పిల్లలకు మేం ముందు చూపించేది ఒకటుంది. అద్దాన్ని పరీక్షలో పెట్టి, వాళ్ళ చేతే గాజు మీద బొటనవేలు ఒక నిమిషం ఆనించమంటాం. తీసి వచ్చి బ్లేడు వెనక నుంచి చూడమంటాం. వేలు పెట్టిన చోట గాజు మీద బొడిపె లేచి ఉంటుంది. ఒంటి వేడికి గాజు అంత మేర వ్యాకోచించింది. చూస్తుండగానే నిదానంగా అణిగిపోయి, కొన్ని నిమిషాల్లో మాయమవుతుంది. తర్వాత అద్దం ముందు అరచెయ్యి పెట్టమంటాం. వేళ్ళ కొసల నుంచి వేడిగాలి లేచిపోవడం సుడులు సుడులుగా కనబడుతుంది. ఘనపదార్థాల వ్యాకోచం గురించి నేను క్లాసులో బంతి, రింగు, స్పిరిటు దీపం పెట్టి చెప్పేదాన్ని. ఒక ఆడపిల్ల వేలి వెచ్చదనానికి గాజు లేచి అణగడం చూశాక ఆ పాఠం ఎలా చెప్పాలో నాకు కొత్తగా అర్థమైంది.

ఇళ్ళలో తయారయ్యే వస్తువుల గురించి మాట్లాడేటప్పుడు అందరూ పాత టైరుతో కుర్చీ చేశారనో, సీసాతో దీపం చేశారనో వస్తువునే మెచ్చుకుంటారు. నా దృష్టిలో మెచ్చుకోవలసింది ఇంకొకటి ఉంది. తన పనిలో తప్పెక్కడుందో తానే చూసుకునే ఉపాయం కనిపెట్టడం. అది దొరికిన రోజున మామూలు మనిషి చెయ్యి ఎంత దూరమైనా పోగలదు. బ్లేడు పరీక్ష రాకముందు అద్దం కుదరడం చాలావరకు అదృష్టం. వచ్చాక ఎక్కడ ఎత్తుందో చూడడం, అక్కడ రుద్దడం, మళ్ళీ చూడడం, అంతే. గోళాన్ని పరావలయంగా మార్చడానికి మధ్యలో ఇంకాస్త లోతు చేయాలి. మా ఆరంగుళాల అద్దానికి ఆ తేడా మళ్ళీ 70 నానోమీటర్ల దగ్గరే. రుద్దు కాస్త పొడుగు చేస్తే అది వస్తుంది. వచ్చిందని చెప్పేది బ్లేడే.

ఈ విద్యను మామూలు జనంలోకి తెచ్చిన ఘనత రస్సెల్ పోర్టర్‌ది. ఉత్తర ధ్రువ యాత్రల్లో తిరిగి వచ్చిన మనిషి. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్, మెషీన్లు తయారుచేసే ఫ్యాక్టరీల ఊరు. 1920లో అక్కడి పనివాళ్ళకు అద్దాలు రుద్దడం నేర్పడం మొదలుపెట్టాడు. ఆ మొదటి బ్యాచిలో పదిహేను మంది మగవాళ్ళు, ఒక ఆడమనిషి. కొండ మీద తామే కట్టుకున్న క్లబ్బుకు స్టెల్లాఫేన్ అని పేరు పెట్టుకున్నారు. 1925లో ఆల్బర్ట్ ఇంగాల్స్ అనే సంపాదకుడు వెళ్ళి చూసి సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాశాడు. అంతే, దేశమంతటా వంటిళ్ళలో, గ్యారేజీల్లో గాజు రుద్దే చప్పుడు మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి గురిచూసే పరికరాల్లో వాడే అతి ఖచ్చితమైన పట్టకాలు చాలక, ఈ ఇంటి పనివాళ్ళనే పిలిచి చేయించుకున్నారు. స్ప్రింగ్‌ఫీల్డ్ తర్వాత పోర్టర్ పాలోమార్ కొండ మీది 200 అంగుళాల టెలిస్కోపు రూపకల్పనలో పనిచేశాడు.

జాన్ డాబ్సన్ కథ నాకు ఇంకా ఇష్టం. 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయపు వేదాంత మఠంలో చేరిన సన్యాసి. చేతిలో డబ్బుండేది కాదు. పాత ఓడల కిటికీలకుండే మందపాటి గుండ్రటి గాజులు సంపాదించి అద్దాలు రుద్దేవాడు. గొట్టానికి అట్ట, స్టాండుకు పారేసిన ప్లైవుడ్. మఠంలో అభ్యంతరాలు వస్తే, మిత్రులకు రాసే ఉత్తరాల్లో టెలిస్కోపు అనకుండా పూలమొక్క పేరుతో రాసేవాడు. చివరికి 1967లో మఠం ఆయన్ను పంపించేసింది. మరుసటి ఏడు నుంచి ఆయనా, కొందరు కుర్రవాళ్ళూ కలిసి రోడ్డు పక్కన టెలిస్కోపు పెట్టి దారినపోయేవాళ్ళను పిలిచి చంద్రుణ్ణి చూపించడం మొదలుపెట్టారు. పక్కకు తిరిగే చెక్క పీట, పైకీ కిందికీ వంగే చెక్క పెట్టె, ఇంతే ఆయన స్టాండు. దాని మీద హక్కులేవీ తీసుకోలేదు. ఇవాళ ప్రపంచమంతా దాన్ని డాబ్సోనియన్ అంటోంది. మా వరండాలో ఉన్నదీ అదే. పీట కింద పాత గ్రామఫోను రికార్డు బిగించాం, టెఫ్లాన్ ముక్కల మీద నున్నగా తిరుగుతుంది. గొట్టం ఎనిమిదంగుళాల బోరు కేసింగు పైపు. ఫ్లోరైడు నీళ్ళ జిల్లా మాది, బోర్లకూ కేసింగు పైపు ముక్కలకూ కరువు లేదు. "ఏం జేస్తరు మేడం దీంతోని?" అని బోరుబండి మనిషి అడిగితే, రాత్రికి రమ్మన్నాం. చంద్రుడి మీది గుంటలు చూసి, "మన దగ్గరి కన్న ఎక్కువే తవ్విండ్రు అక్కడ" అన్నాడు.

ఆకాశం చూడాలన్న తపన తెలుగు నేలకు కొత్తేమీ కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలోనే సొంత ఇంట్లో అబ్జర్వేటరీ పెట్టుకున్నాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని చూసి వివరాలు నమోదు చేశాడు. హైదరాబాదులో నిజామియా అబ్జర్వేటరీ కూడా 1901లో నవాబ్ జఫర్ జంగ్ అనే ఒక్క మనిషి ముచ్చటతోనే మొదలైంది. ఆ నిజామియాలో పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకు ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు. నిజాం కాలేజీలో చదివి, విద్యార్థిగానే నక్షత్రాల వెలుగు మార్పులు చూసి వ్యాసాలు రాశాడు. తర్వాత కావలూరు టెలిస్కోపుకు 2.34 మీటర్ల అద్దాన్ని విదేశాల్లో చేయించకుండా బెంగళూరులోనే సానబట్టించాలని పట్టుబట్టాడు. 1986లో అది పూర్తయ్యేనాటికి ఆయన లేడు. ఆయన పేరే దానికి పెట్టారు.

మరి మామూలు ఇళ్ళలో? 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం దారి మా నల్లగొండ మీదుగానే పోయింది. మాకు ఎంతో దూరం లేని జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా అబ్జర్వేటరీకి శాస్త్రవేత్తలు తరలివచ్చారు. మా ఇంట్లో మాత్రం తలుపులు బిడాయించారు. చిన్నమ్మ కడుపుతో ఉంది, ఆమెను కదలనివ్వలేదు. మధ్యాహ్నం దాటాక పెంకుల సందుల్లోంచి గోడ మీద పడే గుండ్రటి ఎండ మచ్చలు ఒక పక్క నుంచి కొరుక్కుపోవడం మొదలైంది. కాసేపటికి గోడ నిండా నెలవంకలు. అన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉన్నాయి. పెద్దవాళ్ళు చూడకూడదన్న సూర్యుడే పదుల సంఖ్యలో మా ఇంట్లో ఉన్నాడు. సన్నటి కన్నం దాటిన వెలుగు సూర్యుడి బొమ్మను గీస్తుందని పదో తరగతిలో చదివినప్పుడు నాకు ఆ గోడ కళ్ళ ముందు కదిలింది. గ్రహణం చూడ్డానికి ఇప్పటికీ నేను పిల్లలకు చెప్పే భద్రమైన పద్ధతి అదే. టెలిస్కోపును సూర్యుడి వైపు తిప్పే పని మాత్రం ఎవరూ చేయకండి, కన్ను క్షణంలో పోతుంది.

ఇంత కష్టం దేనికి, కొంటే పోలేదా అని అడిగేవాళ్ళు ఉంటారు. డబ్బు ఆదా అవుతుందని నేను అబద్ధం చెప్పను. ఇవాళ చైనా నుంచి వచ్చే తయారు టెలిస్కోపు ధరకు, మనం గాజు, పొడులు, కంటి కటకాలు, ఏటవాలు అద్దం కొని, పూత వేయించుకునే ఖర్చుకు పెద్ద తేడా లేదు. అవసరం కోసం చేసేవాళ్ళ సంగతి వేరు. ఒకప్పుడు మా జిల్లాలోనే ఉన్న ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, పట్టుచీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల మధ్య తిప్పడానికి, చీరకు 9,000 సార్లు చెయ్యి తిప్పి తల్లి లక్ష్మి భుజాలు అరిగిపోవడం చూసి ఆసుయంత్రం చేశాడు. ఏళ్ళ తరబడి ముక్క ముక్కగా చేసుకుంటూ 1999 నాటికి పూర్తి చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అది తల్లి నొప్పి చేయించిన పని. మా అద్దం ఎవరి నొప్పీ తగ్గించదు. కానీ చేసే తీరు రెండింటికీ ఒకటే. ఎక్కడ ఆగిందో తానే చూసుకోవాలి, చేతికందిన సామానుతోనే దాటాలి. హైదరాబాదులో 2023లో టి-వర్క్స్ అనే నమూనాల తయారీ కేంద్రం వచ్చింది. లేజర్ కటింగ్ నుంచి 3డి ప్రింటర్ల దాకా అక్కడ ఉన్నాయి. మంచిదే, పిల్లల్ని తీసుకెళ్ళి చూపించాను కూడా. అలాంటివి జిల్లాకొకటి వస్తే మరీ మంచిది. అయితే మెషీన్ ఇచ్చినంత మాత్రాన పరీక్ష చేసే బుద్ధి రాదు, దాన్ని విడిగా నేర్పాలి.

చివరి మెట్టు పూత. గాజు ఆకారాన్ని మోస్తుంది, అంతే. వెలుగును తిప్పి పంపేది దాని మీద వేసే సన్నటి లోహపు పొర. ఫూకో కాలం నుంచి చాలాకాలం వెండి వేసేవారు. ఇంటర్ కెమిస్ట్రీలో ఆల్డిహైడ్‌లకు చేసే టాలెన్స్ పరీక్ష గుర్తుందా, పరీక్షనాళిక లోపల అద్దంలా మెరిసేది? అదే. సిల్వర్ నైట్రేట్, అమ్మోనియా, గ్లూకోజు. ఆ ద్రావణాన్ని నిలవ ఉంచితే పేలే పదార్థం తయారవుతుంది. కాబట్టి అప్పటికప్పుడు కలిపి, పని కాగానే పారబోసి కడిగేయాలి. తెలిసినవాళ్ళు పక్కన లేకుండా ముట్టుకోకూడదు. వెండి త్వరగా నల్లబడుతుంది, అందుకని మేం ఇప్పుడు గాలి తీసేసిన గదిలో అల్యూమినియం పూత వేసే చోటికే అద్దాలు పంపిస్తున్నాం. పంపేముందు మాత్రం ఒక పండగ చేసుకుంటాం. పూత లేని గాజు కూడా నూటికి నాలుగు వంతుల వెలుగును తిప్పికొడుతుంది. చంద్రుడికి అది చాలు. పాలిష్ అయిన వారం పూర్ణిమకు దగ్గరైతే, ఉత్త గాజునే గొట్టంలో పెట్టి చంద్రుణ్ణి చూస్తాం. వెలుగు కంటికి గుచ్చుకోకుండా హాయిగా ఉంటుంది. పూత వేసి తెచ్చాక శనివలయాలు, గురుడి నాలుగు చందమామలు, ఊళ్ళో పిల్లలకోడి అనే కృత్తికలు, అన్నీ వస్తాయి. ఆరంగుళాల అద్దం మన కనుపాప పట్టేదానికి నాలుగు వందల రెట్లకు పైగా వెలుగు పడుతుంది.

ఇప్పుడు నడుస్తున్నది ఎనిమిదంగుళాల అద్దం. డిప్లొమా చదివే ఒక అమ్మాయి బ్లేడు వెనక కన్నుకు బదులు ఫోన్ కెమెరా బిగించింది. ఇదివరకు ఒకరు చూసి మిగతావాళ్ళకు మాటల్లో చెప్పాల్సి వచ్చేది, ఇప్పుడు నీడలు అందరికీ ఒకేసారి కనిపిస్తున్నాయి. వారం వారం తీసిన బొమ్మలు పక్కపక్కన పెట్టి గుంట ఎటు జరిగిందో చూస్తున్నారు. ఫోన్ చెప్పేదాని ప్రకారం అంచు దగ్గర చివరి కొద్ది మిల్లీమీటర్లు వాలిపోయింది. అంచు వాలడం ఈ పనిలో అందరినీ ఏడిపించే జబ్బు. మా ఆడపడుచు మాత్రం పిచ్ మెత్తబడడం వల్లే అంటోంది, ఇంకా కాయాల్సిందంటోంది. ఆ అమ్మాయి కాదంటోంది, రుద్దు పొడుగైందంటోంది. ఎవరి మాట నిజమో ఊరికే తేలదు కాబట్టి ఆదివారం కొత్త పిచ్ పోసి, రుద్దు మాత్రం పాత పొడుగే ఉంచి, మళ్ళీ బ్లేడు పెట్టాలని నిర్ణయించాం.